దీపాలకు పూసిన పసుపు

ఆ పొద్దున ఆకాశం మబ్బు పట్టినట్టే ఉంది గాని అది వాన మబ్బు కాదు. దసరా దాటాక వచ్చే చల్లటి పొద్దుల్లో పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీ గొట్టాల పొగ పైకి పోలేక కిందికే దిగుతుంది. దిగి, మంచుతో కలిసి, పొలాల మీద ఉతకని దుప్పటిలా పడుకుంటుంది. సూర్యుడు ఎక్కడో ఉన్నాడని తెలుస్తుంది, అంతే. లతీఫ్ భానూర్ దాటి మట్టిరోడ్డు ఎక్కేసరికి గాలి లేదు. కుంట మలుపు దగ్గర కొంచెం లేచింది. లేచీ లేవగానే రోడ్డుకు అడ్డంగా తెల్లటి ముద్ద ఒకటి దొర్లుకుంటూ వచ్చి, బండి ముందు చక్రానికి తగిలి పగిలి, అతని ప్యాంటు మీద చింది, కిందికి జారకుండా అక్కడే అంటుకుని కూర్చుంది.

నురగ అది. తుడుచుకుందామని చెయ్యి చాపి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. ముట్టుకుంటే వేళ్లకు పట్టిన వాసన మధ్యాహ్నం అన్నం దాకా వదలదు. పైన నిమ్మకాయ వాసన, దాని కింద కప్ప చచ్చి నానిన నీళ్ల వాసన. రెండూ వేరువేరుగా వస్తే మనిషి ఓర్చుకోగలడు. కలిసి వస్తే ఓర్చుకోలేడు.

కుంటకు ఎగువన ప్రహరీ గోడ, గోడ లోపల ఫ్యాక్టరీ. షాంపూలు, గిన్నెలు తోమే నీళ్లు, గచ్చు తుడిచే నీళ్లు అందులో తయారవుతాయి. ఒక రకం అయిపోయి ఇంకో రకం మొదలుపెట్టే ముందు పెద్ద ట్యాంకులన్నీ కడుగుతారు. కడిగిన నీళ్లు లతీఫ్ పనిచేసే షెడ్డుకు వస్తాయి. ఆ నీళ్లలో ఉన్న సబ్బును విరిచి, ఉత్త నీళ్లు చేసి, కుంటలోకి వదలాలి. అదే అతని పని. ఆ పనిలో చేరినప్పటి నుంచి అతను ఇంట్లో సబ్బు వాసన ఓర్చడు. అంట్లు బూడిదతోనే తోమమని భార్య నజీరాకు చెప్పాడు. "అందరిండ్లల్ల సబ్బు వచ్చి బూడిద పోయింది, మా ఇంట్ల సబ్బు పోయి బూడిద వచ్చింది" అని ఆమె అందరితో చెప్పి నవ్వుతుంది.

కుంట గట్టు మీద సత్తయ్య కట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని బర్రెలు రెండు, ఒక దూడ, నీళ్ల వైపు మూతులు చాపి వెనక్కి తీసుకుంటున్నాయి. నీళ్లెక్కడా కనబడడం లేదు. ఫ్యాక్టరీ కాలువ వచ్చి కలిసే చోట నురగ బర్రె పొట్టంత ఎత్తు లేచి, అక్కడి నుంచి కుంట మీదంతా పాకింది. తెల్లగా ఉంటే అదో తీరు. మడతల్లో పసుపు పచ్చగా, అంచుల్లో బూడిద రంగుగా, పుండు మీద చీములా ఉంది.

"ఏంది లతీఫ్ భాయ్, మీ కంపెనీవోళ్లు నా బర్లకు తలకు పోస్తుండ్రా?" అన్నాడు సత్తయ్య.

లతీఫ్ బండి ఆపాడు గాని దిగలేదు.

"గిట్లనే జెర పౌడరు గూడ కొట్టుండ్రి. పెండ్లిచూపులకు తోల్కపోత."

"సత్తన్నా, ఇయ్యాల వీటిని ఈడ తాపకు."

"ఇయ్యాల సంగతి నాకు ఎర్కనే. నిన్నటి సంగతి చెప్పు. నిన్న తాగినయి. పొద్దుగాల పాలు పిండితే చెంబు నిండ నురగ. పాల నురగనా, మీ నురగనా నాకు సమజ్ కాలె. ఎత్తి పారబోసిన." సత్తయ్య కట్టెతో నురగను పొడిచాడు. కట్టె దిగినంత మేర గుంత పడి, గుంత అట్లాగే ఉండిపోయింది. "మొన్నటిదాంక మంచిగనే ఉండె గద. దసరా అయినకాడికెళ్లి ఏం రోగం పట్టింది మీ మిషన్‌కు?"

"చూస్తున్నం అన్నా."

ఆ మాట అబద్ధం. చూడడానికి ఏమీ లేదు. ఏ రోగం పట్టిందో లతీఫ్‌కు పండుగ నాటి నుంచీ తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. సత్తయ్య ముఖం చూడలేక బండి కదిలించాడు.

షెడ్డులో నాలుగు స్టీలు గొట్టాలు బారుగా పడుకోబెట్టి ఉంటాయి. ఒక్కో గొట్టం మనిషంత పొడవు. ఒక్కో గొట్టం నడుమ గాజు తొడుగు, తొడుగు లోపల దీపం. నీళ్లు తొడుగు చుట్టూ పారుతాయి, దీపానికి మాత్రం తడి తగలదు. నీళ్లు గొట్టాల్లోకి పోయే ముందు నీలం డబ్బాల్లోని పెరాక్సైడ్ మందు చుక్కచుక్కగా వాటిలో కలుస్తుంది. ల్యాబులో పనిచేసే శ్రావ్య మేడమ్ మొదట్లో ఒకసారి చెప్పింది. సబ్బుకు ఒక తల, ఒక తోక ఉంటాయట. తల నీళ్లను పట్టుకుంటుంది, తోక జిడ్డును పట్టుకుంటుంది, అందుకే నురగ. దీపం వెలుగు తగిలితే మందు విరుగుతుంది. విరిగినప్పుడు అందులోంచి లేచేది మహా ఆకలి మీద ఉంటుంది, దొరికిన సబ్బునల్లా ముక్కలుగా కొరుకుతుంది. మందు ఒక్కటే ఉంటే అంత కొరకదు. వెలుగు ఒక్కటే ఉన్నా అంతే. రెండూ కలవాలి. గొట్టానికి ఉన్న చిన్న గాజు కిటికీలోంచి కనబడే నీలం రంగు కాదట ఆ వెలుగు. అసలు పని చేసేది కంటికి కనబడదు. నేరుగా చూస్తే మాత్రం కళ్లు పోతాయి.

ఆ షెడ్డును అందరూ దీపాల షెడ్డు అంటారు. తప్పంతా అక్కడే మొదలైంది.

ఆయుధ పూజ రోజున ఫ్యాక్టరీలో అన్ని మిషన్లూ ఆపి కడిగారు. పెద్దరాములు దీపాలు నాలుగూ బయటికి తీశాడు. పెద్దరాములు ఆ షెడ్డులో లతీఫ్ కంటే ముందు నుంచి ఉన్నవాడు. మొదటి రోజు వాల్వు ఎటు తిప్పాలో లతీఫ్‌కు చెయ్యి పట్టి చూపినవాడు. దీపాలను కొత్త తువ్వాల మీద వరసగా పెట్టి, గిన్నెలో పసుపు కలిపి, గడపకు పూసినట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండుగా పూశాడు. మధ్యమధ్య కుంకుమ బొట్లు పెట్టాడు. కరెంటు పానెల్‌కూ మందు డబ్బాలకూ ఒక్కొక్క బొట్టే. దీపాలకు మాత్రం నిండా పూశాడు. దీపమంటే దీపమే కదా. మిగతావి ఇనుప సామాను.

మేనేజరు కామరాజు సార్ కొబ్బరికాయ కొట్టాడు. బీహార్ నుంచి పనికి వచ్చిన పిల్లలు ఫోన్లలో వీడియోలు తీశారు. లతీఫ్ కొంచెం వెనక నిలబడి ఉన్నాడు. పసుపు గాజు మీద ఆరిపోతుంటే చూశాడు. వెలుగు బయటికి రావాల్సిన చోటంతా మూసుకుపోతోందని అప్పుడే తోచింది. అన్నా, గాజుకు వద్దు, అనే మాట నోటి దాకా వచ్చింది. చుట్టూ చూశాడు. పండుగ పూట, అందరి చేతుల్లో ఫోన్లు. సాయిబు పసుపు వద్దన్నాడు అనే ముక్క ఒక్కటి ఆ ఫోన్ల నుంచి ఊళ్లోకి పోతే, ఆ తర్వాతి ముక్కలు ఎవరు ఎట్లా కలుపుతారో తెలియదు. నోరు మూసుకుని, ఇచ్చిన కొబ్బరి ముక్క నోట్లో వేసుకున్నాడు.

తెల్లారి చెబుదామనుకున్నాడు. తెల్లారేసరికి పెద్దరాములు దీపాలు తొడుగుల్లో బిగించేశాడు. "తుడవకుండనే పెట్టినవా అన్నా?" అని మాత్రం అడిగాడు. "పూజ పసుపు తుడుస్తరా? అదే పోతది తియ్" అన్నాడు పెద్దరాములు. అది పోలేదు. తొడుగులోకి నీళ్లు రావు కదా, ఎట్లా పోతుంది. దీపం వేడికి మాడి, గాజుకు కరిచింది. ఆ మరునాడు చెబుదామనుకున్నాడు. చెప్పకుండా గడిచిన ప్రతి రోజూ, చెప్పడం ఇంకొంచెం కష్టమైంది.

ఇప్పుడు షెడ్డు ముందు శ్రావ్య మేడమ్, కామరాజు సార్ నిలబడి ఉన్నారు. ఇద్దరివీ కోస్తా నుంచి ఇటు వచ్చి స్థిరపడిన కుటుంబాలు. శ్రావ్య ఇక్కడే పుట్టింది. కామరాజు తండ్రి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టాడు.

"వెలుగు మీటర్ ఇంకా పడిపోయింది లతీఫ్ గారూ" అంది శ్రావ్య. "దీపాలు ఇంత తొందరగా పాతబడకూడదు. కొత్తవి పూణే నుంచి రావాలి. అందుకే నిన్న మందు మోతాదు పెంచాను. దాంతో ఇంకా పొంగిందేమో అని అనుమానంగా ఉంది."

అనుమానం నిజమే. వెలుగు చాలక మిగిలిపోయిన మందు అట్లాగే బయటికి పోయి, కాలువ గోడల నాచు తగలగానే బుసబుసా పొంగింది. ఆమె లెక్కలో తప్పు లేదు. వెలుగు ఎందుకు తగ్గిందో ఆమెకు తెలియదు. తెలిసినవాడు ఆమె ముందే నిలబడి నేల చూస్తున్నాడు.

"కారణాలు తర్వాత చూద్దాం అమ్మా" అన్నాడు కామరాజు. "ఊళ్లోవాళ్లు ఫోటోలు తీసి పంపారట. కాలుష్య బోర్డు వాళ్లు ఇవాళ వచ్చినా వస్తారు. ఏవయ్యా రాములూ, స్టోర్లో తెల్ల డబ్బా ఉంది, నురగ అణిచే మందు. ఇద్దరూ పట్టుకెళ్లి కాలువలో పోసెయ్యండి. అరగంటలో అణిగిపోవాలి."

"సర్, దాంతో నురగ పోతుంది, సబ్బు పోదు" అంది శ్రావ్య. "నీళ్లు అలాగే ఉంటాయి. పైకి కనబడదంతే."

"పైకి కనబడకపోతే చాలు, ఈ పూటకి. లేకపోతే షెడ్డుకి సీలు వేసి పోతారు. అప్పుడు ఆపరేటర్ల నిర్లక్ష్యం అని నేనే రాయాల్సొస్తుంది. షిఫ్టులో ఎవరి పేరుందో నీకు తెలుసు కదా లతీఫూ."

లతీఫ్ తల ఊపాడు. ఆ పేరు తనదే.

తెల్ల డబ్బా చెరో చెయ్యి వేసి మోసుకుంటూ పోయారు. డబ్బా మూత చుట్టూ జిగట కారి, దుమ్ము అంటి, నల్లగా గట్టిపడి ఉంది. దారిలో పెద్దరాములు అన్నాడు, "మా దేవమ్మ మొన్న కుంటల చీర జాడిచ్చి తెచ్చింది. ఆరినంక చూస్తే చీర నిల్సుంటది బిడ్డా, మనిషి లెక్క. మడిస్తే మడత పడదు." తన భార్య ముచ్చట చెప్పి నవ్వాడు. లతీఫ్ నవ్వలేదు. "ఏందిరా, పొద్దటికెళ్లి మొఖం అట్ల పెట్టినవ్? సార్ మాటకా? సార్లు అట్లనే అంటరు. నీ పేరు రాస్తే నా పేరు గూడ రాయమంట."

ఆ మాట విన్న తర్వాత డబ్బా ఇంకా బరువైంది.

కాలువ గట్టు మీద డబ్బా దించి మూత తిప్పుతుండగా సత్తయ్య అరుపు వినబడింది. తిరిగి చూస్తే బర్రెలు రెండూ గట్టు మీదే ఉన్నాయి. దూడ లేదు. గట్టు ఎక్కడ అయిపోయి కుంట ఎక్కడ మొదలవుతుందో నురగలో తెలియక అది నేరుగా అందులోకి నడిచింది. నురగ ఒకచోట ఎగిరెగిరి పడుతోంది, దాని కింద ఏదో కొట్టుకుంటోంది. సత్తయ్య గబగబా దిగబోయి, కాలు జారి, చంకన ఉన్న సద్దిమూటతో సహా అంచులో కూలబడ్డాడు. మూట నురగలో పడి మాయమైంది.

పెద్దరాములు దిగాడు. అతని వెనక లతీఫ్ దిగాడు.

కింద నీళ్లు నడుముల దాకే. నురగ మాత్రం గడ్డం దాకా వచ్చింది. నోరు తెరిస్తే నోట్లోకి, ఊపిరి పీలిస్తే ముక్కులోకి. కాళ్ల కింద బురద కాదు, మెత్తగా, కొవ్వులా, వేళ్ల సందుల్లోంచి పైకి తన్నుకొచ్చే జిగట. అడుగు వేసిన చోటల్లా లోపలి నుంచి బుడగ లేచి, కుళ్లిన గుడ్డు కంపు వదిలి పగులుతోంది. లతీఫ్ చేతులతో తడిమాడు. చేతికి ఒకసారి గడ్డి తగిలింది, ఒకసారి ప్లాస్టిక్ సంచి తగిలింది, ఇంకోసారి మెత్తగా ఏదో తగిలి వేళ్ల మధ్య చితికింది. అదేమిటో తెలుసుకోవాలనిపించలేదు. తర్వాత వెచ్చటి చెవి ఒకటి తగిలింది. పట్టుకున్నాడు. సబ్బు పట్టిన చెవి చేతిలోంచి జారింది. మళ్లీ పట్టుకున్నాడు. పెద్దరాములు దూడ పొట్ట కింద చేతులు వేసి లేపాడు. ఇద్దరూ కలిసి దాన్ని గట్టు మీదికి తోశారు. సత్తయ్య లాగాడు.

దూడ కాళ్లు ముడుచుకుని పడిపోయింది. ముక్కుల్లోంచి నురగ బుడగలుగా వస్తోంది. సత్తయ్య దాని మూతి పట్టుకుని, వేళ్లు లోపలికి పెట్టి, జిగటను తీసి తీసి నేలకు కొట్టాడు. చాలాసేపటికి అది దగ్గింది. దగ్గి, తల్లి వైపు తల తిప్పింది.

లతీఫ్ గట్టు మీద చేతులూ మోకాళ్లూ ఆనించి వాంతి చేసుకున్నాడు. పొద్దున తాగిన చాయ్ వచ్చింది. ఆ తర్వాత నిమ్మకాయ వాసనతో నురగ వచ్చింది. కళ్లు మండుతున్నాయి. చేతి మీద గీరుకుపోయిన చోట చురచురమంటోంది. తన నోట్లోంచి వచ్చిన నురగా కుంటలో ఉన్న నురగా ఒకటేలా ఉండడం చూశాడు. అది తన షెడ్డు నుంచి వచ్చింది. తన నోరు తెరవకపోవడం వల్ల వచ్చింది.

"అన్నా" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "దీపాలు బయటికి తియ్యాలె."

"కొత్తయి రాలే గద."

"కొత్తయి అక్కర్లే. పాతయే తుడవాలె."

పెద్దరాములు చెవిలోంచి నురగ తీసుకుంటున్నవాడు ఆగాడు. "పసుపా?"

లతీఫ్ తల ఊపాడు.

"పసుపు ఏం జేస్తదిరా? లారీలకు పెడ్తలేరా, బస్సులకు పెడ్తలేరా. నడుస్తలెవ్వా?"

"లారీకి ఒక మూలకు పెడ్తరు అన్నా. అద్దం నిండ పూస్తే తొవ్వ కనబడ్తదా?"

పెద్దరాములు కుంట వైపు తిరిగాడు. నురగను చూశాడు, దూడను చూశాడు. తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. అర్థం కావడానికి అతనికి ఎక్కువసేపు పట్టలేదు. మీటర్ పడిపోయింది ఏ రోజు నుంచో అతనికీ తెలుసు.

"నీకు ఎప్పుడు ఎర్క?"

"పూసిన దినమే."

"మరి నోరేమైంది?"

"పండుగ పూట నేను వద్దంటే బాగుండదనుకున్న. అందరు వీడియోలు తీస్తుండ్రి. సాయిబు పసుపు తుడిపిచ్చిండని..."

"అందరి ముచ్చట అడుగుతలే నేను." పెద్దరాములు గొంతు పెంచలేదు. "తెల్లారి షెడ్డుల మనం ఇద్దరమే ఉంటిమి. దాని తెల్లారి గూడ ఇద్దరమే. నన్ను చూసి భయమైందా నీకు?"

లతీఫ్ లేదని చెప్పవచ్చు. చెబితే ఆ పూట గడిచిపోయేది.

"అయింది" అన్నాడు.

పెద్దరాములు పక్కకు తిరిగి కాండ్రించి ఉమ్మాడు. ఆ ఉమ్ము నురగ రోతకు వచ్చిందో, విన్న మాట రోతకు వచ్చిందో లతీఫ్ తల ఎత్తి చూడలేదు.

"ఇన్నేండ్లు ఒక్కకాడ తింటిమి" అన్నాడు పెద్దరాములు. "ఆ నురగల దిగినప్పుడు గూడ నాకు ఇంత కడుపుల దేవలె."

సత్తయ్య దూడ వీపు గడ్డితో తుడుస్తూ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏందే, పసుపేంది, దీపమేంది? నా బర్రె దూడ జచ్చేది, మీరేదో పసుపు పంచాది పెట్టుకున్నరు" అన్నాడు.

లతీఫ్, పెద్దరాములు తెల్ల డబ్బా మూత మళ్లీ బిగించి, మోసుకుని వెనక్కి వచ్చారు. వచ్చేటప్పుడు ఒకరి ముఖం ఒకరు చూడకుండా నడిచారు.

కరెంటు ఆపి, బయటికి పోయే వాల్వు మూసి, దీపాలు నాలుగూ తీశారు. తువ్వాల మీద పెట్టారు. పూజ నాటి పసుపు కాదది ఇప్పుడు. పెనం మీద మాడిన పిండిలా గోధుమ రంగుకు తిరిగింది. కుంకుమ బొట్లు నల్లబడ్డాయి. పూత మీద పెద్దరాములు నాలుగు వేళ్ల చారలు ఈ చివర నుంచి ఆ చివర దాకా స్పష్టంగా కనబడుతున్నాయి. లతీఫ్ స్పిరిట్ సీసా, దూది తెచ్చి పక్కన పెట్టి వెనక్కి జరిగాడు.

"దూరం నిలబడ్డవేంది?" అన్నాడు పెద్దరాములు. "కూసో. తుడువు."

చెరో రెండు తీసుకున్నారు. తుడిస్తే కొంత వచ్చింది, కొంత రాలేదు. గోరుతో గీకకూడదు, గాజు మీద గీతలు పడతాయి. తడిపి, నాననిచ్చి, మళ్లీ తుడవాలి. పెద్దరాములు తుడుస్తున్నంతసేపూ పెదాలు కదులుతూనే ఉన్నాయి. తుడిచిన దూదిని చెత్తబుట్టలో వెయ్యలేదు, కాలువలోనూ వెయ్యలేదు. కాగితంలో పెడుతున్నాడు. లతీఫ్ చూసి తన దూది కూడా ఆ కాగితంలోనే పెట్టాడు. తర్వాత పెద్దరాములు ఆ కాగితం పట్టుకుపోయి, ఎవరూ తొక్కని చోట, మందార చెట్టు మొదట్లో చిన్న గుంత తీసి పెట్టి వచ్చాడు.

అతను వచ్చేసరికి శ్రావ్య షెడ్డులో ఉంది. తువ్వాల మీది దీపాలు, పచ్చబడిన వేళ్లు చూసింది.

"నేనే పూసిన మేడమ్" అన్నాడు పెద్దరాములు.

ఆమె వంగి ఒక దీపం వైపు చూసింది. చివర్లో ఎంత తుడిచినా పోని గోధుమ మరక ఒకటి మిగిలింది. "ఆ రోజు నేనూ ఇక్కడే హారతి తీసుకున్నాను" అంది. "మీటర్ పడిపోతుంటే లెక్కలు వేస్తూ కూర్చున్నాను గానీ ఒక్కసారి మూత విప్పించి చూడలేదు." తర్వాత, "ఈ ఒక్కటీ పక్కన పెట్టండి. మూడింటితో నడుపుదాం. మందు పాత మోతాదుకి తగ్గిస్తాను. నీళ్లు బయటికి వద్దు, మళ్లీ మళ్లీ లోపలే తిప్పుదాం" అంది.

దీపాలు వెలిగించారు. మీటర్ ముల్లు లేచింది. పాత చోటుకు పూర్తిగా రాలేదు, దగ్గరికి వచ్చింది. సీసాలో నీళ్లు పట్టి ఊపితే మొదట సగం దాకా నురగ లేచింది. ఇంకో తిప్పు తిరిగాక పట్టి ఊపితే వేలెడే లేచింది. కుంటలో ఇప్పటికే పడ్డదాన్ని మాత్రం వెనక్కి తేలేరు. అది అక్కడే ఉంటుంది. ఎండకు ఎండి, గాలికి లేచి, పొలాల మీద పడి, ఎప్పటికో పోతుంది.

కామరాజు సార్ వచ్చాడు. సంగతంతా విన్నాడు. వినగానే ఫోన్ తీసి ఏదో వెతికాడు. లతీఫ్ పక్కనే ఉన్నాడు కాబట్టి కనబడింది. పూజ నాటి ఫోటో. ముందు కొబ్బరికాయతో కామరాజు నవ్వుతున్నాడు. వెనక తువ్వాల మీద నాలుగు పసుపు పచ్చని దీపాలు. బొటనవేలితో దాన్ని చెరిపేసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"దీపాలు పాతబడ్డాయి అని రాసేస్తాను" అన్నాడు. "ఎవరికీ ఇబ్బంది లేదు. పసుపూ కుంకుమా అంటే బయట వేరేగా వెళ్తుంది. అందులోనూ మన లతీఫ్ షిఫ్టు."

ఇట్లా అంటాడని లతీఫ్‌కు తెలుసు. తెల్ల డబ్బాలోని మందు లాంటి మాట అది. పైకి నురగ కనబడదు, కింద నీళ్లు అట్లాగే ఉంటాయి. అందులో తన పేరూ క్షేమంగా ఉంటుంది, ఉద్యోగమూ ఉంటుంది. పొద్దున అయితే తల ఊపేవాడు.

"పాతబడలే సార్" అన్నాడు. "పసుపు పూసి ఉండె. నేను చూసిన. చూసి చెప్పలె. అట్లనే రాయుండ్రి."

కామరాజు అతని వైపు, బల్ల మీద ఎవరో చెప్పులు పెట్టినట్టు చూశాడు. "రాయాల్సింది నేను రాసుకుంటాను. నువ్వు వెళ్లి అన్నం తిను ముందు" అని వెళ్లిపోయాడు. ఏం రాస్తాడో తెలియదు. సాయంత్రానికి తన పేరు షిఫ్టు పలక మీద ఉంటుందో ఉండదో కూడా తెలియదు. పెద్దరాములు పైపు దగ్గర చేతులు కడుక్కుంటూ అంతా విన్నాడు.

సత్తయ్య దూడను గేటు బయట వేపచెట్టుకు కట్టేసి, కడుక్కోవడానికి మంచి నీళ్లు అడిగి లోపలికి వచ్చాడు. సద్దిమూట కుంటలో పోయిన సంగతి అతను చెప్పలేదు. పెద్దరాములు చూసినవాడే కాబట్టి, "కూసో" అన్నాడు.

షెడ్డు గోడ నీడలో ముగ్గురూ కూర్చున్నారు. లతీఫ్ తన గిన్నె విప్పాడు. అన్నం, ఖట్టీ దాల్, ఒక గుడ్డు. విప్పి, ఏం చెయ్యాలో తెలియక అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. పెద్దరాములు తన మూట విప్పి జొన్నరొట్టె తుంచి సత్తయ్యకు ఒక ముక్క ఇచ్చాడు. వంకాయ కూర మధ్యలో పెట్టాడు. తర్వాత పెద్దరాములే లతీఫ్ గిన్నెలోకి చెయ్యి పెట్టి, దాల్ కలిసిన అన్నం ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. లతీఫ్ వైపు మాత్రం చూడలేదు.

ఎన్నిసార్లు కడిగినా చేతులకు నిమ్మకాయ వాసన పోలేదు. ముద్ద ముద్దకూ ముక్కుకు తగులుతోంది. సత్తయ్య ఒకసారి చెయ్యి వాసన చూసుకుని, ముఖం చిట్లించి, మళ్లీ తినడం మొదలుపెట్టాడు. లతీఫ్ గుడ్డును మూడు ముక్కలు చేశాడు. ఎవరి ముక్క వాళ్లు తీసుకున్నారు. షెడ్డు లోపల నీళ్లు తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది. గిన్నెలు ఖాళీ అయ్యేదాకా ముగ్గురూ తిన్నారు.